గోడ మీది నంబరుకు అవతల

2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగించి ధర్మాసనం అక్కడితో ఆగలేదు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదన్నది. టెలీ మానస్ సహా హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదులలో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలన్నది.

ఈ మూడింటిలో అందరికంటే ముందు అమలయ్యేది చివరిదే. దానికి ఒక ఫ్లెక్సీ చాలు. కౌన్సెలర్‌ను నియమిస్తే జీతమివ్వాలి. బ్యాచ్‌లను రద్దు చేస్తే వ్యాపారమే మారిపోవాలి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు అంటూ టీవీ తెరల మీద ర్యాంకులు వల్లించే సంస్థలు తమ టాపర్ల ఫొటోల పక్కన ఐదంకెల నంబరు వేసి, కోర్టు ఆదేశం పాటించామని అఫిడవిట్ దాఖలు చేయడానికి ఏమంత కష్టపడనక్కరలేదు. నంబరు గోడకెక్కగానే బాధ్యత పిల్లవాడి మీదికి మళ్లుతుంది. అంత కష్టంలో ఉంటే ఫోన్ చేయవలసింది కదా అని రేపు యాజమాన్యాలు అడగవచ్చు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ నంబరు కలిపితే అవతల ఫోన్ ఎత్తేదెవరు?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల విభాగం లెక్క. ఈ సంఖ్యను ఉటంకించని ప్రసంగం, సంపాదకీయం లేవు. కానీ అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది అదే అంచు దాకా వెళ్లి, ఎవరితోనో ఒక మాట మాట్లాడి వెనక్కి వచ్చినవారు. వారిని లెక్కించే విభాగం లేదు. వారు మాట్లాడిన ఆ ఎవరో ఒకరు చాలా సందర్భాలలో వైద్యుడూ కాదు, ప్రభుత్వోద్యోగీ కాదు. వారానికి ఒక పూట వచ్చి, మూడు నాలుగు గంటలు ఫోన్ ముందు కూర్చుని, పైసా తీసుకోకుండా వెళ్లిపోయే ఒక గృహిణి, ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఒక డిగ్రీ విద్యార్థి.

కన్నవారు, గురువులు, స్నేహితులు ఉండగా ముక్కూ మొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పుకోవాలి అన్నది పెద్దలు వేసే మొదటి ప్రశ్న. జవాబు తెలుగు సామెతలలోనే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని, ఇంటిగుట్టు లంకకు చేటని తరతరాలుగా నేర్పిన సమాజం ఇది. తండ్రి అప్పు చేసి ఫీజు కట్టాడని తెలిసిన కుర్రవాడు తనకు లెక్కలు ఎక్కడం లేదని ఆ తండ్రికి ఎలా చెబుతాడు? వేధిస్తున్నది మేనమామే అయితే ఆ పిల్ల అమ్మతో ఏమని మొదలుపెడుతుంది? దగ్గరివారు దగ్గరివారు కావడమే ఇక్కడ అడ్డంకి. విన్న మాటకు వారు ఏడుస్తారు, కోప్పడతారు, భయపడతారు, మరునాటి నుంచి వేరే కళ్లతో చూస్తారు. అపరిచితుడికి ఆ ఇబ్బంది లేదు. అతడు విని ఊరుకోగలడు.

ఊరుకోగలగడం ఒక విద్య అని తొలుత గ్రహించినవారిలో ఒకరు లండన్‌కు చెందిన చాద్ వరా అనే చర్చి మతాధికారి. 1935లో ఆయన జరిపించిన తొలి అంత్యక్రియలలో ఒకటి పద్నాలుగేళ్ల బాలికది. తొలిసారి రజస్వల అయినప్పుడు అదేదో సుఖవ్యాధి అనుకుని ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అది కాదమ్మా అని చెప్పడానికి ఒక్కరంటే ఒక్కరు లేకపోయారు. 1953 నవంబర్‌లో ఆయన తన చర్చిలో ఒక ఫోన్ పెట్టి, చావాలనుకునేవారు తనకు ఫోన్ చేయవచ్చని ప్రకటించాడు. వచ్చేవారి సంఖ్య పెరిగింది. తన వంతు కోసం వేచి ఉన్నవారికి టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి కొందరు స్వచ్ఛందంగా వచ్చారు. కొద్ది నెలలలోనే ఆయనకు ఒక విషయం కనిపించింది. వేచి ఉన్నవారిలో చాలామంది ఆ టీ ఇచ్చేవారితో మాట్లాడి, గుండె తేలికపడి, ఆయనను కలవకుండానే వెళ్లిపోతున్నారు. 1954 ఫిబ్రవరి నాటికి ఆయన ఆ పనిని వాలంటీర్లకే అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ పుట్టుక కథ ఇది.

ఆ పద్ధతి దక్షిణాసియాకు త్వరగానే వచ్చింది. శ్రీలంకలో 1974లో సుమిత్రయో మొదలైంది. చెన్నైలో మనోవైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహను స్థాపించారు. తాను వైద్యురాలై ఉండి కూడా ఫోన్ దగ్గర వాలంటీర్లనే కూర్చోబెట్టడం గమనించదగిన విషయం. ఢాకాలో 2013లో యువతీయువకులు ప్రారంభించిన లైన్‌కు కాన్ పేతే రోయ్ అని పేరు పెట్టారు. చెవి ఒగ్గి ఉన్నానని దాని అర్థం. జంట నగరాలలో రోష్ని చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. ఇవన్నీ చిన్న సంస్థలు. ఒకటి రెండు గదులు, రెండు మూడు ఫోన్లు, విరాళాల మీద నడక.

ఆ గదులలో జరిగే పని బయటివారు ఊహించుకునేలా ఉండదు. సలహాలివ్వడంలో ఆరితేరినవారు ఎంపికలోనే వెనుదిరగవలసి వస్తుంది. నీకేం తక్కువ, నీ వయసులో నేను, దేవుడున్నాడు, అన్నీ సర్దుకుంటాయి వంటి మాటలను నాలుక మీది నుంచి తుడిచివేయడానికే శిక్షణలో సగం కాలం పడుతుంది. ఉచిత సలహా ఇవ్వకుండా పూట గడవని సమాజంలో ఇది చిన్న సంగతి కాదు. శిక్షణలో ఒకరు ఫోన్ చేసినవారిగా, మరొకరు విన్నవారిగా నటిస్తారు. నటిస్తున్నామని తెలిసి కూడా కొందరు మధ్యలో లేచి వెళ్లిపోతారు.

తర్వాత అసలు ఫోన్ మోగుతుంది. చాలాసార్లు అవతల మాట ఉండదు. ఫ్యాన్ చప్పుడు, దూరంగా టీవీ, ఊపిరి. బాలల హెల్ప్‌లైన్‌లకు వచ్చే కాల్స్‌లో పెద్ద భాగం ఇటువంటి మౌనమే. ఫోన్ పెట్టేయకుండా, తొందరపెట్టకుండా, ఇక్కడే ఉన్నాను అని మాత్రం అప్పుడప్పుడూ చెబుతూ కూర్చోవాలి. చివరికి అవతలి గొంతు అనేది సాధారణంగా ఒకే మాట: ‘ఏం లేదండీ, ఊరికే చేశాను.’ తెలుగులో ఊరికే అనే పదం మోసే బరువు ఆ గదిలో కూర్చున్నవారికే తెలుస్తుంది. డిప్రెషన్ అన్న మాట పిల్లలు వాడరు. మనసు బాగాలేదంటారు, తిండి సహించడం లేదంటారు, తలనొప్పి అంటారు. చచ్చిపోవాలనుంది అనేది తెలుగిళ్లలో పూటకోసారి వినిపించే మాటే కాబట్టి ఇంట్లోవారు దాన్ని పట్టించుకోరు. వాలంటీరు మాత్రం పట్టించుకోవాలి. నిజంగానే చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందనే భయం చాలామందిలో ఉంది. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు తేల్చాయి. అడిగినప్పుడే అవతలివారికి ఊపిరి అందుతుంది.

ఆ మధ్యలో బూతు మాట్లాడేవారు ఉంటారు. స్త్రీ గొంతు వినపడేదాకా నంబరు తిప్పుతూనే ఉండే మగవారు ఉంటారు. నవ్వుతూ ఆటపట్టించే పిల్లలు ఉంటారు. వారిలోనే ఒకరు రెండో రోజు ఒంటరిగా ఫోన్ చేసి ఏడవవచ్చు కాబట్టి వారినీ విసుక్కోవడానికి లేదు. షిఫ్టు ముగిశాక ఒక పుస్తకంలో పేర్లు లేని నాలుగు వాక్యాలు రాసి ఇంటికి వెళ్లాలి. ఆ పిల్ల ఆ రాత్రి ఏం చేసిందో, తెల్లవారి కాలేజీకి వెళ్లిందో లేదో ఎన్నటికీ తెలియదు. మరునాడు పేపరు తెరిచి జిల్లా పేజీ చూడడానికి భయపడే వాలంటీర్లు ఉంటారు. ముగింపు తెలియని కథలను ఏళ్ల తరబడి వినడం ఎంత కష్టమో చెప్పడానికి వేరే పోలిక దొరకదు.

ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు అన్న మాటే ఇప్పుడు అనుమానాస్పదమైపోయింది. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ప్రభుత్వం నియమించి, నెలకు ఐదు వేలు గౌరవ వేతనమిచ్చి, పింఛన్లు పంచించిన వ్యవస్థకు ఆ పేరు పెట్టారు. వారి పనితీరు మీద వాదోపవాదాలు ఎన్నికల దాకా నడిచాయి. ఆ తగాదా ఇక్కడ అప్రస్తుతం. ప్రభుత్వాన్ని ప్రజల ఇంటికి తెచ్చేవాడు వాలంటీరు అన్న అర్థం మాత్రం స్థిరపడింది. హెల్ప్‌లైన్ వాలంటీరు సరిగ్గా దానికి వ్యతిరేకం. అతడి విలువంతా అతడు ప్రభుత్వం కాకపోవడంలో, ఇంటి అడ్రసు అడగకపోవడంలో ఉంది.

ఇదే విషయం 1098 చరిత్రలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1996లో ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో అధ్యాపకురాలిగా ఉన్న జెరూ బిలిమోరియా వీధి బాలల కోసం ఆ లైన్ ప్రారంభించారు. దస్, నౌ, ఆఠ్ అని తిరగేసి లెక్కపెట్టినట్లుండే ఆ అంకెలు చదువురాని పిల్లవాడికి సైతం గుర్తుండిపోతాయి. పబ్లిక్ బూత్ నుంచి రూపాయి లేకుండా చేయగలిగిన కాల్ అది. కాలక్రమంలో వెయ్యికి పైగా స్వచ్ఛంద సంస్థలు ఆ వలలో చేరాయి. నేపాల్, బంగ్లాదేశ్ సైతం తమ బాలల హెల్ప్‌లైన్‌కు అదే నంబరు ఎంచుకున్నాయి. 2020 మార్చి 20 నుంచి 31 వరకు, లాక్‌డౌన్ మొదలైన రోజులలో, హింస నుంచి రక్షణ కోరుతూ 92 వేల కాల్స్ ఈ లైన్‌కు వచ్చాయి.

2023లో మిషన్ వాత్సల్య కింద ఆ లైన్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖల నియంత్రణ గదులకు మార్చి, 112 అత్యవసర వ్యవస్థతో అనుసంధానించింది. 1098కి చేసిన ప్రతి కాల్ పోలీసులే ఎత్తుతారన్న ప్రచారం నిజం కాదు. అత్యవసరమైనవాటినే 112కు పంపుతారు. ఆపదలో ఉన్న పిల్లవాడి దగ్గరికి వాహనం త్వరగా చేరుతుందన్న వాదనలో బలం ఉంది. జిల్లాలలో కొన్ని స్వచ్ఛంద సంస్థల పనితీరు నాసిగా ఉండేదన్నదీ కాదనలేనిది. అయినా పోయినదేమిటో చెప్పుకోవాలి. ఇంటి నుంచి పారిపోయి స్టేషన్‌లో తిరిగే పిల్లవాడు అందరికంటే ఎక్కువగా భయపడేది ఖాకీ బట్టలకే. ప్రభుత్వ కార్యాలయం తలుపు తెరిచే ఉన్నా అందులోకి పోవడానికి జంకేవారికి పక్క సందులోని తలుపు కావాలి. సర్కారు పెద్ద తలుపును బాగుచేసింది, సందులో తలుపుకు తాళం వేసింది.

మానసిక ఆరోగ్యం విషయంలో ఒక్కో మంత్రిత్వ శాఖకు ఒక్కో నంబరు పుట్టింది. 2020లో విద్యాశాఖ మనోదర్పణ్, అదే ఏడాది సామాజిక న్యాయ శాఖ కిరణ్, 2022 అక్టోబర్ 10న ఆరోగ్య శాఖ టెలీ మానస్. వీటిలో టెలీ మానస్ నిలదొక్కుకుంది. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థ దానికి మార్గదర్శి. 2025 మధ్య నాటికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. లక్ష జనాభాకు ఒక మనోవైద్యుడు కూడా లేని దేశంలో ఇది చెప్పుకోదగిన పనే. అయితే పార్లమెంటులో మంత్రులు చదివే జవాబులలో వినిపించేది ఎప్పుడూ మొత్తం కాల్స్ లెక్కే. ఫోన్ ఎత్తేలోపు ఎందరు పెట్టేశారు, ఒక్కో సంభాషణ ఎన్ని నిమిషాలు సాగింది, అదే మనిషి మళ్లీ చేశాడా అన్న లెక్కలు కావాలి. బస్సులెన్ని తిరిగాయో చెప్పి, ఎందరు ఊరు చేరారో చెప్పకపోతే ఎలా?

టెలీ మానస్ కౌన్సెలర్లు జీతానికి పనిచేసే శిక్షితులు. వారుండగా ఔత్సాహికులెందుకు, పొరపాటు జరిగితే ఎవరు బాధ్యులు అన్నది వాలంటీర్లపై వినవచ్చే ప్రధాన ఆక్షేపణ. తీసిపారేయదగినది కాదు. అరకొర శిక్షణతో, పర్యవేక్షణ లేకుండా, పేరు కోసం హెల్ప్‌లైన్లు తెరిచినవారు ఉన్నారు. ఫలితాల సీజన్‌లో వెలసి నెల తిరక్కుండా మూగబోయే నంబర్లు వాట్సాప్‌లో ఇంకా తిరుగుతుంటాయి. మోగని నంబరు లేని నంబరు కంటే హానికరం. నియంత్రణ అవసరమే. కానీ జబ్బు ఉన్నవారికి వైద్యుడు కావాలి, దిగులు ఉన్నవారికి మనిషి కావాలి. ఫోన్ చేసే పిల్లలలో ఎక్కువమంది రెండో కోవలోనివారు.

వాలంటీరు మెడ మీద వేలాడుతున్న కత్తి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపువారిపై నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. తొమ్మిదేళ్ల పాప తనపై జరుగుతున్న ఘోరం చెప్పినప్పుడు గోప్యత పేరుతో మౌనంగా ఉండే హక్కు ఏ వాలంటీరుకూ లేదు, ఉండకూడదు. మరి పదిహేడేళ్ల అమ్మాయి తన తోటి విద్యార్థితో ప్రేమలో ఉన్నానని, నెల తప్పిందేమోనని భయంగా ఉందని చెబితే? చట్టం దృష్టిలో అదీ నేరమే, అదీ చెప్పవలసిందే. చెబితే ఆ కుర్రవాడు జైలుకు, ఆ పిల్ల కులం, పరువు పట్టింపులున్న ఇంటి చేతికి చిక్కుతారు. చెప్పకపోతే వాలంటీరు ముద్దాయి. అందువల్ల నిబంధన పాటించే సంస్థలు ముందే హెచ్చరించవలసి వస్తోంది: నీ వయసు, పేరు చెప్పి ఫలానా సంగతి చెబితే మేం పోలీసులకు తెలియజేయక తప్పదు. ఆ మాట విన్న పిల్ల ఫోన్ పెట్టేస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. గర్భస్రావం కోరి వచ్చే మైనర్ల విషయంలో వైద్యులకు ఇదే సంకటం ఎదురైనప్పుడు, 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు కల్పించింది. పరస్పర ఇష్టంతో కూడిన సంబంధాలలో మైనర్, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు వెల్లడించకుండానే వైద్యుడు సమాచారమివ్వవచ్చన్నది. ఆ వెసులుబాటును నమోదైన హెల్ప్‌లైన్లకు విస్తరించమని పార్లమెంటులో ఒక సభ్యుడైనా అడిగితే బాగుండేది. విద్యార్థుల ఆత్మహత్యలపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు నియమించిన, జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతలోని జాతీయ కార్యదళం పిలిచి వినవలసినవారిలో ఫోన్ ముందు కూర్చునేవారు తప్పక ఉండాలి.

వారికి తెలిసినంత విధానకర్తలకు తెలియదన్నది అతిశయోక్తి కాదు. ఫలితాల రోజులలో తమకు వచ్చే కాల్స్ విని, తప్పినవారికి ఏడాది పోతుందన్న భయమే ప్రాణాంతకమని స్నేహ గుర్తించింది. వెంటనే మళ్లీ పరీక్ష రాసే అవకాశమివ్వాలని లక్ష్మీ విజయకుమార్ పట్టుబట్టారు. తమిళనాడు ఆ విధానం తెచ్చింది. పరీక్ష తప్పి చనిపోయేవారి సంఖ్య అక్కడ తగ్గడానికి అదొక కారణమని ఆమె తర్వాత పదేపదే చెప్పారు. ఇక్కడ 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయాక గానీ, తప్పినవారందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలన్న నిర్ణయం రాలేదు. ఆ పరిశీలనలో వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. ఫలితాలు వచ్చిన మొదటి రాత్రి ఏ హెల్ప్‌లైన్‌లో కూర్చున్నవారిని అడిగినా, మార్కులు వేయడంలో ఏదో జరిగిందని పిల్లలు మొత్తుకుంటున్నారని చెప్పగలిగేవారు. అడిగేవారు లేకపోయారు.

జంట నగరాలలోనూ, చెన్నైలోనూ స్వచ్ఛంద లైన్లు చాలా వరకు రాత్రి తొమ్మిది, పది గంటలకల్లా మూతబడుతున్నాయి. పిల్లల ఫోన్లకు అసలు వేళ ఆ తర్వాతే, హాస్టల్‌లో దీపాలు ఆరిపోయాక. లైన్లు మూయడానికి కారణం మనుషులు లేకపోవడం ఒకటైతే, ఉన్నవారిలో ఎక్కువమంది స్త్రీలు కావడం, అర్ధరాత్రి వారిని ఇంటికి చేర్చే ఏర్పాటు లేకపోవడం రెండోది. ఇంటర్ బోర్డు ఫలితాలు ప్రకటించే వారం రోజులైనా, ఇలాంటి ఒక్కో కేంద్రానికి ఒక కారు, ఒక డ్రైవరు, గేటు దగ్గర ఒక వాచ్‌మన్ జీతం ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా ఇవ్వవచ్చు. ఆ పద్దు ఒక ర్యాంకుల ప్రకటన ఖర్చుకు కూడా రాదు.